ఒకే పద్దులో రైలూ బస్సూ

హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ రోడ్డు రవాణా 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆర్టీసీ చరిత్ర రాసే ప్రతివారూ ఈ రెండంకెలు చెబుతారు. ఆ బస్సులు ఎవరివన్న సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తారు. అవి నిజాం స్టేట్ రైల్వేవి. వాడీ నుంచి సికింద్రాబాదుకు 1874లో పడిన రైలు మార్గాన్నీ, ఆ తర్వాత పెరిగిన లైన్లనూ నిజాం ప్రభుత్వం 1930లో లండన్ కంపెనీ నుంచి కొనేసింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ రైల్వే బస్సులు కూడా దింపింది. రైలుకు పోటీగా వచ్చిన బండిని రైల్వేయే ఎందుకు నడిపిందో తెలుసుకుంటే, సొంత కారు ప్రయాణానికి అసలు ఖర్చు ఎంతో లెక్కగట్టే దారి కూడా తెలుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశమంతటా మోటారు బస్సులు రైలు పట్టాల పక్కనే పరుగులు పెట్టాయి. రైల్వే తన టికెట్టు ధరలోంచే పట్టాలు, వంతెనలు, స్టేషన్లు, సిగ్నళ్లు, పెట్టుబడి మీద వడ్డీ అన్నీ రాబట్టుకోవాలి. బస్సు యజమానికి ఆ బాధ లేదు. రోడ్డు ఎవరో వేసి పెట్టారు. పెట్రోలు పోసి, డ్రైవరుకు జీతమిస్తే చాలు, మిగిలింది లాభం. రోడ్డు వాడేవారు దాని ఖర్చులో కొంతైనా భరించాలన్న ఆలోచన ప్రభుత్వానికి రాకపోలేదు. జయకర్ కమిటీ సిఫార్సు మీద 1929లో గ్యాలను పెట్రోలుకు రెండణాలు అదనంగా వసూలు చేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. అయినా తగవు తెగలేదు. 1933లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు రోడ్డు, రైలు పోటీ మీద నివేదిక ఇచ్చారు. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఒకరు దారి ఖర్చు కూడా మోస్తూ, మరొకరు బండి ఖర్చు మాత్రమే మోస్తూ ఉంటే, ఎవరు చవకో టికెట్టు చూసి చెప్పగలమా?

హైదరాబాదులో ఆ ప్రశ్నకు దొరికిన జవాబు రెండు పద్దులనూ కలిపేయడం. రైలు ఆదాయం బస్సుకు పోతే అది ఒక జేబులోంచి మరో జేబులోకి పోవడమే కనుక, ఏ దారిలో ఏ బండి నడిపితే మొత్తం ఖర్చు తగ్గుతుందో చూసుకునే అవసరం, అవకాశం రెండూ ఒకే సంస్థకు వచ్చాయి. పట్టాలున్న చోట రైలు, లేని చోట బస్సు, స్టేషన్‌కు జనాన్ని చేర్చే చోట కూడా బస్సు. దీన్ని ప్రజాసేవగా పొగడనక్కర్లేదు. రైల్వేలో పోసిన డబ్బును కాపాడుకోవడమే దొరతనం ఉద్దేశం. గుత్తాధిపత్యంతో వచ్చే చెడు కూడా అందులో ఉంది. బస్సు తిప్పి బతుకుదామనుకున్న చిన్న యజమానికి తలుపు మూసుకుంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ తన సొమ్ము కోసమే చేసినా ఆ లెక్క నిజాయితీగల లెక్క. అందులో ఏ ఖర్చూ పక్కవాడి ఖాతాలోకి జారిపోయే వీల్లేదు.

1950-51ల్లో రైల్వే కేంద్రం చేతికి, బస్సులు హైదరాబాదు రాష్ట్రం చేతికి వెళ్లాయి. పద్దులు మళ్లీ విడిపోయాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడి కృష్ణా జిల్లా రూట్లు తీసుకోబోతే ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు కనుక ఆ విచారణ చెల్లదని గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో కోర్టు కొట్టేసింది. న్యాయశాస్త్రం చదివేవారికి అది ఇప్పటికీ పాఠమే. తర్వాత పద్ధతి సరిచేసుకుని ఆర్టీసీ ఆ రూట్లలోకి వచ్చింది. రద్దీ రూట్ల డబ్బుతో మారుమూల ఊళ్ల బస్సులు నడిపింది.

ఇప్పుడు అప్పటి బస్సు యజమాని స్థానంలో కారు యజమాని ఉన్నాడు. హైదరాబాదులో మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో సుమారు 29 కిలోమీటర్లు. నలుగురు కలిసి వెళ్తే నాలుగు టికెట్ల కన్నా కారు పెట్రోలే తక్కువ పడుతుందని ఇంట్లో లెక్క వేస్తారు. పెట్రోలు వరకే చూస్తే ఆ లెక్క తప్పు కాదు. కానీ కారు కొన్న నాడే కట్టిన సొమ్ము, ఏటా ఇన్సూరెన్సు, అరిగే టైర్లు, బండి విలువలో తరుగు, ఇవేవీ ఆ రోజు జేబులోంచి పోవు కనుక లెక్కలోకి రావు. లైఫ్ ట్యాక్స్ ఒక్కసారే కట్టేస్తాం కనుక ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిప్పినా, ఇరవై వేలు తిప్పినా అదే పన్ను. ఎంత ఎక్కువ తిప్పితే కిలోమీటరుకు అంత చవకైనట్టు కనిపిస్తుంది. నిర్మాణ నిబంధనల ప్రకారం అపార్ట్‌మెంటు సెల్లారులో కార్లకు చోటు వదలాలి. ఆ తవ్వకం, ఆ కాంక్రీటు ఫ్లాటు ధరలో కలుస్తాయి. ఇక బయట, సాయంత్రం ఆరింటికి ఒక కారు అమీర్‌పేట కూడలిలోకి దూరితే, వెనక ఆగిన సిటీ బస్సులో నిలబడ్డవాళ్లందరికీ కొంత ఆలస్యం. ఆ కాలానికి బిల్లు ఎవరికీ వెళ్లదు. అన్నిటికన్నా బరువైనది ప్రాణం. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు ఐదోవంతు నడిచి వెళ్లేవారు. కారెక్కకుండానే కారు ఖర్చు మోసినవాళ్లు వాళ్లలో ఎందరో.

కారు యజమాని పెట్రోలు మీద పన్ను కట్టడం లేదా అని అడగవచ్చు. కడుతున్నాడు, బాగానే కడుతున్నాడు. రోడ్లకు పెట్టే డబ్బులో కొంత అందులోంచి వస్తుందనీ ఒప్పుకోవాలి. అయితే ఆ పన్నుకు చోటూ వేళా తెలియవు. అర్ధరాత్రి శంకర్‌పల్లి రోడ్డు మీద కాలిన లీటరుకూ, ఉదయం తొమ్మిదికి పంజగుట్టలో కాలిన లీటరుకూ ఒకే పన్ను. మొదటిది ఎవరినీ ఆపలేదు, రెండోది వందమందిని ఆపింది. రోడ్డుకు విడిగా ధర కట్టిన చోట్లా ఉన్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్లకు లీజుకిచ్చారు. అక్కడ ఎక్కినవాడు టోలు కట్టి దిగుతాడు. ఊళ్లో ఫ్లైఓవరు ఎక్కినవాడు కట్టడు. కారు వల్ల మేలే లేదంటే అబద్ధం. ఆఖరి బస్సు పోయాక జ్వరంతో ఉన్న పిల్లను ఆసుపత్రికి చేర్చాలన్నా, కదలలేని పెద్దాయనను తీసుకెళ్లాలన్నా దానికి సాటి వచ్చేది లేదు. ఆ ప్రయాణాలకు ఎంత ఖర్చయినా తగును. కానీ రోడ్డు నిండుతున్నది వాటితో కాదు, రోజూ ఒక్కరే కూర్చుని ఆఫీసుకు వెళ్లే కార్లతో.

ఆర్టీసీ నష్టాల మాటా ఇక్కడే తేలాలి. డీజిలు, జీతాలు, స్పేరు పార్టులు, రాయితీ పాసులు అన్నీ ఒకే పుస్తకంలో రాస్తారు కనుక బస్సుకు నష్టం కనిపిస్తుంది. కారుకు అలాంటి పుస్తకమే లేదు. హైదరాబాదు మహానగరానికి అన్ని రవాణాలనూ కలిపి చూసే ఒక సంస్థను 2008లో పెట్టారు. రోడ్లు, ఆర్టీసీ, ఎంఎంటీఎస్, మెట్రో బడ్జెట్లు మాత్రం ఇంకా వేర్వేరు ఆఫీసుల్లోనే తయారవుతున్నాయి. కొత్త ఫ్లైఓవరుకు అంచనా వేసిన రోజునే, ఆ సొమ్ముతో ఎన్ని బస్సులు కొని ఎన్నేళ్లు నడపవచ్చో, ఎంతమందిని ఎంత వేగంగా చేర్చవచ్చో అదే కాగితం మీద పక్క గడిలో రాయమని అడగాలి.