వినికిడిలో మిగిలిన నాటకం: డాక్టర్ హూ శ్రోతల చరిత్ర

ఏ నాటకానికైనా చరిత్ర రాయవలసి వచ్చినప్పుడు రచయితతో మొదలుపెట్టి, దర్శకుడు, నటులు, నిర్మాణ సంస్థ మీదుగా చివరకు ప్రేక్షకుల దగ్గరికి చేరడం ఆనవాయితీ. వారి వంతుకు దక్కేది సాధారణంగా ఒకే వాక్యం: 'విశేషాదరణ పొందింది.' బ్రిటిష్ వైజ్ఞానిక కల్పనా ధారావాహిక డాక్టర్ హూ విషయంలో ఈ వరస తిరగబడుతుంది. నిర్మించిన సంస్థ చెరిపివేసిన భాగాలను విన్నవారు దాచిపెట్టారు. సంస్థ ఆపివేసిన కథను విన్నవారే శబ్దనాటకాలుగా కొనసాగించారు. ఆ శబ్దనాటకాల నుండి సంస్థ మళ్ళీ అరువు తెచ్చుకుంది. అందుచేత ఈ ధారావాహికకు శ్రోతల స్పందన చరిత్రలోని చివరి అధ్యాయం కాదు, దాని వెన్నెముక.

తెలుగులో 'అభిమాని' అనగానే సినిమా హాలు ముందు కటౌటు, పూలదండలు, పాలాభిషేకం గుర్తుకొస్తాయి. రేడియోకు ఉన్నవారు 'శ్రోతలు'. పోస్టుకార్డు మీద ఊరి పేరు, ఇంటిల్లిపాది పేర్లు రాసి పాట కోరినవారు, నాటిక బాగుందనో బాగులేదనో కేంద్రానికి ఉత్తరం పంపినవారు. ఇక్కడ చెప్పబోయేది ఈ రెండు మాటలకూ మధ్యనున్న మనుషుల గురించి. వారి స్పందన మూడు రూపాల్లో కనిపిస్తుంది: నిలదీయడం, దాచడం, తయారుచేయడం.

డాక్టర్ హూ 1963 నవంబరు 23న బి.బి.సి. టెలివిజన్‌లో మొదలైంది. బయటికి నీలిరంగు పోలీసు పెట్టెలా కనిపిస్తూ లోపల విశాలంగా ఉండే వాహనంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఒక యాత్రికుడి కథ అది. మరణం ఆసన్నమైనప్పుడు అతను కొత్త రూపం, కొత్త స్వభావం పొందుతాడు. నటుడు మారినా పాత్ర కొనసాగడానికి కల్పించిన ఈ ఉపాయమే కథకు దీర్ఘాయుష్షు ఇచ్చింది.

ఆస్ట్రేలియాలో ఎ.బి.సి. ఈ ధారావాహికను 1965 జనవరిలో మొదలుపెట్టింది. సిడ్నీ నగర కేంద్రానికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, రిచ్‌మండ్ రైలు మార్గం మీదున్న క్వేకర్స్ హిల్‌లో ఇవాళ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కాని ఆ జనవరిలో వైట్ ఆస్ట్రేలియా విధానం ఇంకా అమల్లోనే ఉంది. ఒక తెలుగు కుటుంబం అక్కడ స్థిరపడడం దాదాపు ఊహకందని సంగతి. కనుక క్వేకర్స్ హిల్ తెలుగువారికి ఈ చరిత్ర వారసత్వంగా రాలేదు, ఇంటితో పాటు ఊరి చరిత్రగా వచ్చింది. అయినా అందులో వారికి అక్కరకొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

మొదటిది నిలదీయడం. 1976లో ఎ.బి.సి. ఈ ధారావాహిక కొత్త భాగాలను ఇక కొనబోనని నిర్ణయించింది. సిడ్నీ వీక్షకులు కొందరు, ముఖ్యంగా విద్యార్థులు, ఆ సంవత్సరం ఆగస్టులో సంస్థ కార్యాలయం ముందు నిరసన తెలిపారు. ఆ ఉద్యమంలోంచే ఆంటొనీ హౌ నాయకత్వంలో ఆస్ట్రలేషియన్ డాక్టర్ హూ ఫ్యాన్ క్లబ్ పుట్టింది. జెరింజా అనే పత్రిక కూడా నడిచింది. మరుసటి సంవత్సరం ఎ.బి.సి. తన నిర్ణయం మార్చుకుంది. ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థకు ప్రజలు జవాబుదారీ గుర్తుచేయడం పెద్ద రాజకీయ సంఘటన కాకపోవచ్చు. కాని ఇష్టమైన కథ కోసం వీధిలోకి వచ్చినవారు తాము ఒంటరిగా లేమని ఆ రోజు తెలుసుకున్నారు. ఆ తెలివిడి నుంచే సంఘాలు పుడతాయి.

రెండవది దాచడం. ఈ భాగం అర్థం కావాలంటే అప్పటి టేపుల సంగతి తెలియాలి. 1960లలో వీడియోటేపు ఖరీదైనది. చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘాలతో ఉన్న ఒప్పందాల వల్ల పాత కార్యక్రమాలను పదేపదే ప్రసారం చేయడానికి వీలుండేది కాదు. ఇంట్లో వీడియో చూసే రోజులు ఇంకా రాలేదు. ఈ లెక్కలన్నీ కలిపి చూసిన అధికారికి పాత టేపు అంటే అల్మారాలో చోటు తినే వస్తువు. అలా టేపులు చెరిపేశారు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతులు ఒక దేశం నుంచి మరో దేశానికి తిరిగి, ఒప్పందం ముగిశాక వెనక్కి వచ్చాయి, లేదా నాశనమయ్యాయి. 1978 ప్రాంతంలో ఈ విధ్వంసం ఆగేసరికి తొలి ఆరేళ్ళ భాగాల్లో వందకు పైగా బి.బి.సి. దగ్గర లేకుండాపోయాయి. తర్వాత కొన్ని దొరికాయి. చాలా భాగాలు ఇప్పటికీ దొరకలేదు.

బొమ్మ పోయింది, శబ్దం మాత్రం ఒక్క భాగానిది కూడా పోలేదు. దీనికి కారణం సంస్థ కాదు. 1960లలో టీవీ ముందు రీలు టేప్ రికార్డరు పెట్టుకుని, ఇంట్లో అందరినీ నిశ్శబ్దంగా ఉండమని బతిమాలి, వారం వారం రికార్డు చేసుకున్న కొద్దిమంది కుర్రవాళ్ళు. కొందరు స్పీకరు ముందు మైకు పట్టుకున్నారు. మరికొందరు టీవీ లోపలి తీగలకే రికార్డరు కలిపి స్పష్టమైన ప్రతి సంపాదించారు. చట్టాన్ని పట్టుకుని అడిగితే ఇది అనుమతి లేని పని. మూడు దశాబ్దాల తర్వాత, 1992 నుంచి, బి.బి.సి. ఆ ఇంటి రికార్డింగులనే తీసుకుని, కనిపించని సన్నివేశాలను వివరించే వ్యాఖ్యానం జోడించి క్యాసెట్లుగా అమ్మింది. 2006లో ది ఇన్వేజన్ అనే కథలో పోయిన రెండు భాగాలకు ఆ శబ్దం మీదనే బొమ్మలు గీసి డీవీడీగా తెచ్చింది.

ఇలా బొమ్మ లేని కథను చెవులతో చూడడం తెలుగు శ్రోతలకు వింతగా తోచదు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం విన్న తరం వారిది. సినిమా ఆడే ఊరు దూరమైనా, టిక్కెట్టుకు డబ్బులు లేకపోయినా, మాటలు, పాటలు, తలుపు చప్పుడు విని సినిమా మొత్తం మనసులో గీసుకున్నవారు లక్షల్లో ఉన్నారు. తేడా ఒక్కటే. శబ్దచిత్రం విన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు అసలు సినిమా చూడగలిగాడు. ఇక్కడ చూడడానికి అసలు లేదు.

ఆస్ట్రేలియా ఈ కథకు ఒక విచిత్రమైన అనుబంధం చేర్చింది. సాయంత్రం పిల్లలు చూసే వేళలో ప్రసారం చేయడానికి వీలుగా అక్కడి సెన్సారు అధికారులు భయానకంగా తోచిన దృశ్యాలను ఫిల్ములోంచి కత్తిరించారు. కత్తిరించిన ముక్కలు మాత్రం కాగితాలతో పాటు ప్రభుత్వ దస్త్రాల్లో భద్రంగా ఉండిపోయాయి. 1996లో డేమియన్ షానహన్ అనే అభిమాని వాటిని ఆస్ట్రేలియా జాతీయ పురాభాండాగారంలో వెతికి పట్టుకున్నాడు. కొన్ని కథల్లో నేడు కదిలే బొమ్మగా మిగిలింది అప్పటి పిల్లలు చూడకూడదని తీసేసిన క్షణాలే. చూపించాలనుకున్నది పోయి, దాచాలనుకున్నది దక్కింది. ఆ ముక్కలను అభిమానులు తమ దగ్గరున్న శబ్దంతో జతపరచి చూశారు.

వినికిడి మీద ఆధారపడిన జ్ఞాపకం ఎంత నమ్మదగినది? దీనికి రెండు సాక్ష్యాలున్నాయి. ది టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్ అనే కథ ఏళ్ళ తరబడి మహత్తరమైనదిగా చెప్పుకోబడింది. హాంకాంగ్‌లో దొరికిన దాని ప్రతులు 1992లో బయటికి వచ్చినప్పుడు సంతోషించినవారితో పాటు, ఇంతేనా అని నిట్టూర్చినవారూ ఉన్నారు. ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్ సంగతి దీనికి విరుద్ధం. మిగిలిన ఒక్క భాగాన్నీ, శబ్దాన్నీ బట్టి దాన్ని సాదాసీదా కథగా జమకట్టారు. 2013లో నైజీరియాలో దొరికిన భాగాలతో పూర్తి కథ చూశాక చాలామంది అభిప్రాయం మార్చుకున్నారు. ఒకే నటుడు, పాట్రిక్ ట్రౌటన్, నాయకుడుగానూ ప్రతినాయకుడుగానూ చేసిన నటనలో సగం అతని ముఖంలో, నడకలో ఉంది; చెవికి అది అందలేదు. శబ్దం కథను కాపాడుతుంది, కాని సమంగా కాపాడదు. మాటల మీద నిలిచిన కథకు న్యాయం చేస్తుంది. చూపు మీద నిలిచిన కథకు చేయలేదు. చరిత్రకారుడు శ్రోత జ్ఞాపకాన్ని గౌరవించాలి, తూకం వేసి గౌరవించాలి.

మూడవది తయారుచేయడం. 1980లలో బ్రిటన్‌లో కొందరు అభిమానులు ఆడియో విజువల్స్ పేరుతో తామే కథలు రాసి, నటించి, క్యాసెట్ల మీద పంచుకున్నారు. గ్యారీ రస్సెల్, నికొలస్ బ్రిగ్స్ వంటి వారు అందులో ఉన్నారు. చాలా కథల్లో బ్రిగ్స్‌దే డాక్టర్ గొంతు. 1989 డిసెంబరులో టెలివిజన్ ధారావాహిక ఆగిపోయింది. 1996లో వచ్చిన ఒక్క టెలివిజన్ చిత్రం తప్ప పదిహేనేళ్ళకు పైగా కొత్త కథ లేదు. ఆ శూన్యంలో బిగ్ ఫినిష్ అనే చిన్న సంస్థ బి.బి.సి. అనుమతి సంపాదించి, పాత నటులనే పిలిపించి, 1999 జూలైలో ది సైరెన్స్ ఆఫ్ టైమ్ అనే శబ్దనాటకం విడుదల చేసింది. క్యాసెట్ల కుర్రవాళ్ళు ఇప్పుడు దర్శకులు, రచయితలు, నటులు.

ఆ శబ్దనాటకాలకు వచ్చిన స్పందనలో కాలిన్ బేకర్ ఉదంతం చెప్పుకోదగ్గది. టెలివిజన్‌లో ఆయన కాలం 1984 నుంచి 1986 వరకే. గళ్ళ రంగుల కోటు, దురుసు మాటలు, సంస్థలోని కలతలు కలిసి ఆయన పాత్రను అప్రియం చేశాయి. చివరకు ఆయనను తొలగించారు. శబ్దంలో ఆ కోటు కనిపించదు. రచయితలు దురుసుతనం వెనుకనున్న దయను బయటికి తీశారు. ఆయనకు తోడుగా ఈవ్‌లిన్ స్మైత్ అనే యాభై ఐదేళ్ళ చరిత్ర అధ్యాపకురాలి పాత్రను సృష్టించారు; మ్యాగీ స్టేబుల్స్ ఆ గొంతు ఇచ్చారు. పడుచు సహాయికలకు అలవాటుపడిన ధారావాహికలో టీ, చాక్లెట్ కేకు ఇష్టపడే పెద్దావిడ డాక్టరును మందలించడం శ్రోతలకు ఎంతో నచ్చింది. శబ్దనాటకాలకు సంబంధించి 2001లో డాక్టర్ హూ మ్యాగజైన్ పాఠకులు కాలిన్ బేకర్‌నే ఉత్తమ డాక్టరుగా ఎంచుకున్నారు. పదిహేనేళ్ళ కిందటి తీర్పును విన్నవారే కొట్టివేశారు.

2005 మార్చిలో టెలివిజన్‌కు ధారావాహిక తిరిగి వచ్చినప్పుడు ఈ శ్రోతల లోకం దానితో పాటు లోపలికి నడిచింది. రాబర్ట్ షియర్మన్ 2003లో రాసిన జూబిలీ అనే శబ్దనాటకం ఆయన చేతులమీదుగానే డాలెక్ అనే టెలివిజన్ భాగానికి ఆధారమైంది. అందులో డాలెక్ గొంతు నికొలస్ బ్రిగ్స్‌ది. తెర మీద ఒకే ఒక్క చిత్రంలో కనిపించి, శబ్దంలో ఏళ్ళ తరబడి డాక్టరుగా జీవించిన పాల్ మెగాన్ 2013 నవంబరులో ఒక చిన్న చిత్రంలో మళ్ళీ వచ్చి, మరణానికి ముందు తన శబ్దనాటకాల సహచరుల పేర్లు పలికాడు. చెవులతో మాత్రమే తెలిసిన ఆ మనుషులు అసలు కథలో భాగమేనా అని అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ కొద్ది పేర్లు చాలామందికి ఆ వాదనకు సమాధానంగా వినిపించాయి.

ఈ చరిత్రలో చీకటి కోణం లేకపోలేదు. ఇష్టం హక్కుగా మారినప్పుడు కొత్తవారిని గుమ్మం దగ్గరే ఆపుతుంది. నచ్చిన నటుడి కోసం రాసే ఉత్తరం నచ్చని రచయిత మీద దూషణగా మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అభిమానులు దాచేది ఇష్టపడినదాన్నే. అదే కాలంలో బి.బి.సి. చెరిపేసిన ఎన్నో నాటకాలకు ఇటువంటి కుర్రవాళ్ళు లేరు. అవి బొమ్మా శబ్దమూ లేకుండా, పత్రికల్లోని ప్రసార సమయంగా మాత్రమే మిగిలాయి. ప్రేమ నమ్మదగిన భాండాగారం కాదు. సంస్థ తన పని మానుకున్నప్పుడు ఉన్న ఏకైక భాండాగారం మాత్రం తరచు అదే.

ఈ మాట తెలుగువారికి సూటిగా తగులుతుంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, నిజాం కాలపు దక్కన్ రేడియోకు వారసురాలైన హైదరాబాదు కేంద్రం తెలుగు శబ్దనాటకాన్ని ఒక కళగా పెంచాయి. గణపతి, కన్యాశుల్కం వంటివి మళ్ళీ మళ్ళీ విన్న శ్రోతలున్నారు. టేపు కొరత వల్ల పాతదాని మీదే కొత్తది రికార్డు చేయడం అక్కడా తెలియని పద్ధతి కాదు. నేడు వినగలుగుతున్న పాత నాటికల్లో కొన్ని ఎవరో ఇంట్లో క్యాసెట్టు మీద ఎక్కించుకున్నందువల్లే మిగిలాయి. ఆ క్యాసెట్లలో కొన్ని వలసవెళ్ళినవారి పెట్టెల్లో సముద్రాలు దాటి ఉంటాయి.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేలు. ప్రజా ప్రసార సంస్థ ఎస్.బి.ఎస్. తన సేవల్లో తెలుగును కూడా చేర్చింది. క్వేకర్స్ హిల్ నుంచి ఉదయం రైలెక్కి చెవిలో ఏదో వింటూ నగరానికి వెళ్ళే తెలుగు ఉద్యోగికి ఇవాళ వినడానికి కొరత లేదు. కొరత ఉన్నది వేరే చోట. మాగ్నెటిక్ టేపు శాశ్వతం కాదు. తేమకు బూజు పడుతుంది, పూత రాలుతుంది, దాన్ని వినిపించే యంత్రాలు తగ్గిపోతున్నాయి. అట్ట మీద నాటకం పేరు, కేంద్రం, తేదీ రాసి లేకపోతే, రికార్డు చేసిన మనిషి వెళ్ళిపోయాక ఆ గొంతులు ఎవరివో చెప్పగలిగేవారు మిగలరు. 1960లలో వారం వారం టేపు తిప్పిన ఆ కుర్రవాళ్ళకు తాము చరిత్ర కాపాడుతున్నామని తెలియదు. మళ్ళీ ఒకసారి వినాలనుకున్నారు, అంతే. అంతమాత్రం కోరికతో రికార్డు చేసిన తెలుగు క్యాసెట్లు ఇంకా అల్మారాల్లో ఉన్నాయి. వాటిలోని శబ్దాన్ని బయటికి తీయడానికి మిగిలిన వ్యవధి మాత్రం ఆ పూత రాలేలోపే.