ఉపకార వేతనాల రికార్డుల ఆడిట్

ఉపకార వేతనాల రికార్డుల ఆడిట్ అనగా విద్యార్థులకు ప్రభుత్వం మంజూరు చేసిన ఉపకార వేతనం, బోధనా రుసుము అర్హులకే, నిర్ణీత మొత్తంలో, సకాలంలో చేరినవో లేదో కళాశాలల, సంక్షేమ శాఖల పత్రాల ఆధారంగా పరిశీలించే ప్రక్రియ. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ చెల్లింపులను వాడుకలో ఫీజు రీయింబర్స్‌మెంటు అంటారు. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు పట్టణాల చుట్టూ అనేక డిగ్రీ, ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కళాశాలలు ఉన్నందువలన గోదావరి డెల్టాలో ఈ రికార్డుల నిర్వహణకు ప్రాధాన్యత ఉన్నది. రికార్డులో లోపం ఉన్నప్పుడు అభ్యంతరం కళాశాల పేరిట నమోదైనా, దాని భారం తరచుగా విద్యార్థి కుటుంబంపై పడుతుంది.

నేపథ్యం

ప్రభుత్వ పథకాలు విస్తరించక ముందు బీద విద్యార్థుల చదువు ఎక్కువగా దాతల సహాయంపై ఆధారపడేది. పిఠాపురం సంస్థానం ఆదరణలో నడిచిన కాకినాడ పి.ఆర్. కళాశాల ఇందుకు ఉదాహరణ. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుండి 1919 వరకు ఆ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసి బీద విద్యార్థులకు, బాలికలకు, దళితులకు విద్యావకాశాలు కల్పించాడు. అటువంటి సహాయంలో ఇచ్చేవారికి పుచ్చుకొనేవారు ముఖపరిచయంగా తెలిసి ఉండేవారు.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్టు మెట్రిక్ ఉపకార వేతనాలు 1944లో ప్రారంభమైనవి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వెనుకబడిన తరగతులతో సహా పలు వర్గాలకు బోధనా రుసుము చెల్లింపును విస్తరించింది. దరఖాస్తులు ఈపాస్ అనే కంప్యూటర్ విధానంలోకి మారినవి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో జ్ఞానభూమి వెబ్‌సైటు వాడుకలోకి వచ్చింది. 2020లో ఈ పథకాలకు జగనన్న విద్యా దీవెన (బోధనా రుసుము), జగనన్న వసతి దీవెన (భోజన, వసతి ఖర్చులు) అని పేరు పెట్టారు. వసతి దీవెన క్రింద సంవత్సరానికి ఐ.టి.ఐ. విద్యార్థులకు 10,000, పాలిటెక్నిక్ విద్యార్థులకు 15,000, డిగ్రీ, ఆపై కోర్సుల విద్యార్థులకు 20,000 రూపాయలు నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఆ పేర్లను తొలగించి పోస్టు మెట్రిక్ ఉపకార వేతనాలుగా వ్యవహరించారు.

చెల్లింపు మార్గంలో మార్పులు

ఆడిట్‌కు సిద్ధపడే సిబ్బంది మొదట ఏ సంవత్సరంలో డబ్బు ఏ మార్గంలో వచ్చినదో తెలుసుకోవలసి ఉంటుంది. తొలి సంవత్సరాలలో బోధనా రుసుము ట్రెజరీ ద్వారా కళాశాల ఖాతాకు, నిర్వహణ రుసుము విద్యార్థి ఖాతాకు జమ అయ్యేవి. 2021 ఏప్రిల్ నుండి బోధనా రుసుమును విడతలవారీగా తల్లుల ఖాతాలకు జమచేశారు. వారు దానిని కళాశాలకు చెల్లించవలసి ఉండేది. 2023లో తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతా విధానం వచ్చింది. 2024 తరువాత తిరిగి కళాశాలలకే చెల్లించాలని ప్రభుత్వం నిర్ణయించింది.

కనుక తల్లుల ఖాతాల కాలానికి సంబంధించి కళాశాల బ్యాంకు పుస్తకంలో ట్రెజరీ జమలు కనిపించకపోవటం సహజం. ఆ కాలానికి తల్లిదండ్రులు చెల్లించిన రసీదులే ఆధారం. రసీదుపై విద్యార్థి పేరు, ప్రవేశ సంఖ్య, విద్యా సంవత్సరం, విడత వ్రాసి ఉండకపోతే కట్టిన రుసుము కూడా బాకీగా కనిపిస్తుంది.

ఆడిట్ జరిపే సంస్థలు

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 1971 నాటి చట్టం క్రింద ప్రభుత్వ వ్యయాన్ని తనిఖీ చేస్తారు. సంక్షేమ శాఖల జిల్లా కార్యాలయాల రికార్డులను చూసి, నమూనాగా ఎంపిక చేసిన కళాశాలలలో వివరాలను సరిచూడటం సాధారణ పద్ధతి. షెడ్యూల్డు కులాల పోస్టు మెట్రిక్ పథకంపై కర్ణాటక, మహారాష్ట్ర, పంజాబు, తమిళనాడు, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాలలో 2012-17 కాలానికి జరిపిన ఆడిట్ నివేదికను కాగ్ 2018లో వెలువరించింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని సవరించినపుడు సామాజిక తనిఖీ, ఏటా బయటి సంస్థచే మూల్యాంకనం, ప్రతి విద్యాసంస్థ నుండి అర్ధ సంవత్సర స్వీయ ఆడిట్ నివేదిక ఉండాలని నిర్ణయించింది. ఇవికాక ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలకు కళాశాల విద్యాశాఖ తనిఖీలు ఉంటాయి. ఆ శాఖ ప్రాంతీయ సంయుక్త సంచాలకుల కార్యాలయం ఒకటి రాజమండ్రిలో ఉన్నది.

విద్యార్థి ఫైలు

ప్రతి లబ్ధిదారునికి ఒక ఫైలు ఉండటం మంచి పద్ధతి. అందులో సాధారణంగా ఉండవలసినవి:

- దరఖాస్తు ముద్రిత ప్రతి, దరఖాస్తు సంఖ్య
- పదవ తరగతి మార్కుల జాబితా, గత విద్యాసంస్థ టి.సి. నకలు
- కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు
- ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం నకళ్ళు
- ప్రవేశ ఉత్తర్వు (కన్వీనర్ కోటాయా, యాజమాన్య కోటాయా అన్నది తెలిపేది)
- హాజరు వివరం, పై తరగతికి ఉత్తీర్ణుడైనట్లు ఆధారం
- మంజూరు ఉత్తర్వు సంఖ్య, తేదీ, మొత్తం

పథకానికి 75 శాతం హాజరు తప్పనిసరి. ఆధార్‌లోని పేరు, పదవ తరగతి పత్రంలోని పేరు వేరుగా ఉన్నచో ఆ తేడాను గుర్తించి, ఇద్దరూ ఒకరేనని తెలిపే ఆధారాన్ని ఫైలులో చేర్చాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగాను, మరొకచోట పొడి అక్షరంగాను ఉండటం ఎక్కువగా కనబడే తేడా.

అర్హత నియమాలు కాలానుగుణంగా మారినందున ఆయా సంవత్సరపు ప్రభుత్వ ఉత్తర్వు ప్రతిని కూడా భద్రపరచాలి. ఉదాహరణకు 2012-13 నుండి కొంతకాలం ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 10,000 దాటిన ర్యాంకు గల పలువురు విద్యార్థులకు చెల్లింపు 35,000 రూపాయలకు పరిమితమైనది. 2020లో ప్రైవేటు కళాశాలల పి.జి. కోర్సులను పథకం నుండి తప్పిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఒక సంవత్సరపు చెల్లింపును మరొక సంవత్సరపు నియమంతో పోల్చినచో లేని లోపం ఉన్నట్లు తోచవచ్చు.

కళాశాల రిజిస్టర్లు

అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, క్యాష్ బుక్, రుసుముల లెడ్జరు, డిమాండు-వసూలు-బాకీ రిజిస్టరు, నగదు చెల్లించిన రోజులకు సంబంధించిన అక్విటెన్సు రిజిస్టరు, ప్రభుత్వానికి వాపసు చేసిన మొత్తాల చలానాలు ప్రధానమైనవి. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల సంక్షేమ, మైనారిటీ సంక్షేమ శాఖల నిధులు వేర్వేరు పద్దుల నుండి వస్తాయి. కనుక జాబితాలను వర్గం వారీగా, సంవత్సరం వారీగా విడిగా ఉంచాలి.

మూడు జాబితాల సరిపోలిక

ఆడిట్‌కు ముందు చేయవలసిన పనులలో ముఖ్యమైనది మూడు జాబితాలను పేరు పేరునా సరిచూడటం. అవి సంక్షేమ శాఖ మంజూరు జాబితా, కళాశాల హాజరు పట్టీ, రుసుముల లెడ్జరు.

ఉదాహరణకు, రుసుము నేరుగా కళాశాల ఖాతాకు వచ్చిన సంవత్సరంలో ఒక తరగతికి 60 మందికి మంజూరైనది అనుకుందాం. 75 శాతం హాజరుతో పట్టీలో 57 మంది, లెడ్జరులో 58 మంది ఉన్నారు. పట్టీ ప్రకారం తేలని ముగ్గురిలో ఒకరు మధ్యలో టి.సి. తీసుకున్నారు, ఒకరు వేరే బ్రాంచికి మారారు, ఒకరికి హాజరు చాలలేదు. టి.సి. తీసుకున్న విద్యార్థి పేర వచ్చిన మొత్తం ఎవరి లెడ్జరులోనూ చేరక కళాశాల ఖాతాలో నిలిచి ఉంటుంది. దానిని సంక్షేమ శాఖకు తెలిపి వాపసు చేసి చలానా భద్రపరచాలి. బ్రాంచి మారిన విద్యార్థికి బదిలీ ఉత్తర్వు, కొత్త తరగతి లెడ్జరు పుట చూపితే చాలు. హాజరు చాలని విద్యార్థి లెడ్జరులో ఉన్నాడు గనుక ఆ విషయాన్ని జిల్లా సంక్షేమ అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ విధంగా ప్రతి తేడాకు ఒక కారణం, ఒక ఆధారం చూపిన పట్టికను సరిపోలిక పట్టిక అంటారు.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ

2022 ఏప్రిల్ 4న తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ప్రాంతం తూర్పు గోదావరి, కాకినాడ, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలుగా ఏర్పడినది. ఉమ్మడి తూర్పు గోదావరి ఏజెన్సీ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అంతకు ముందు ఉమ్మడి తూర్పు గోదావరికి కాకినాడ, ఉమ్మడి పశ్చిమ గోదావరికి ఏలూరు కేంద్రాలు. అందువలన అమలాపురంలోని ఒక కళాశాల 2022కు ముందు పొందిన మంజూరు ఉత్తర్వులు కాకినాడ కార్యాలయం పేరిట, తరువాతివి అమలాపురం కార్యాలయం పేరిట ఉంటాయి. భీమవరం కళాశాలలకు ఏలూరుతో ఇదే పరిస్థితి. ఏ సంవత్సరపు ఉత్తర్వు ఏ కార్యాలయం జారీ చేసినదో తెలిపే చిన్న పట్టికను ఫైళ్ళ ముందు ఉంచితే వెదకులాట తగ్గుతుంది.

డెల్టాలో తేమ, వరదలు కూడా రికార్డులకు ముప్పు కలిగిస్తాయి. 1986 ఆగష్టులోను, 2022 జూలైలోను గోదావరికి పెద్ద వరదలు వచ్చినవి. కాగితపు రికార్డులను నేలకు ఎత్తుగా ఉంచటం, స్కాన్ ప్రతులను వేరొకచోట భద్రపరచటం అవసరం.

అభ్యంతరాలు, సమాధానాలు

ఒకే విద్యార్థికి రెండు పథకాల నుండి చెల్లింపు, యాజమాన్య కోటా విద్యార్థి పేరు జాబితాలో ఉండటం, నిర్ణీత రుసుముకన్న అధికంగా వసూలు చేయటం, వాపసు చేయవలసిన మొత్తాన్ని ఖాతాలో నిలిపి ఉంచటం వంటివి ఆడిట్‌లో చూసే అంశాలు. తనిఖీ సమయంలో ఇచ్చే ప్రశ్నాపత్రాన్ని కార్యాలయాలలో హాఫ్ మార్జిన్ అంటారు. దీనికి ఆధారాలు జతపరచి గడువులోగా సమాధానం ఇచ్చినచో పలు విషయాలు అక్కడే పరిష్కారమవుతాయి. మిగిలినవి తనిఖీ నివేదికలో పేరాలుగా చేరుతాయి. దొరకని పత్రాన్ని దొరకలేదని వ్రాసి, జారీ చేసిన కార్యాలయం నుండి ధ్రువీకృత నకలు కోరాలి. వెనుకటి తేదీతో పత్రం సృష్టించినచో అది ఫోర్జరీ నేరమవుతుంది.

విద్యార్థులపై ప్రభావం

మంజూరు ఆగినప్పుడు లేదా జమ వివరం తేలనప్పుడు కొన్ని కళాశాలలు విద్యార్థినే రుసుము చెల్లించమని అడగటం, ధ్రువపత్రాలు ఇవ్వకుండా నిలుపుదల చేయటం ఆంధ్ర ప్రదేశ్‌లో పలుమార్లు చర్చకు వచ్చింది. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమ వద్ద ఉంచుకొనరాదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో ప్రకటించింది. ఉద్యోగానికి, పై చదువుకు టి.సి. కావలసిన సమయంలో లెడ్జరులోని ఒక పొరపాటు ఒక సంవత్సరాన్ని నష్టపరచగలదు. దరఖాస్తు సంఖ్య, మంజూరు వివరం, రుసుము రసీదులు, బ్యాంకు పాసు పుస్తకం పుటల నకళ్ళను విద్యార్థి తన వద్ద కూడా ఉంచుకున్నచో, కళాశాల రికార్డులో లోపం ఉన్నప్పటికీ తన అర్హతను, చెల్లింపును నిరూపించుకొనగలడు.