టవర్ మన దాకా రావడానికి ఎందుకింత ఆలస్యమైంది?

పోస్ట్ జర పొడుగైతది, శుక్రవారం తీరిక చూసుకుని చదవండి.

మొన్న మా క్యాంపులో రెండు గంటలు నెట్ పోయింది. కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ పైకెత్తి పట్టుకుని రూముల చుట్టూ తిరిగిండ్రు. పాతోళ్లం మొదట నవ్వుకున్నాం. మేము ఇదే సౌదీలో సిగ్నల్ కోసం ఇసుక దిబ్బలు ఎక్కినోళ్లం. తర్వాత ఆలోచిస్తే, నవ్వాల్సిన ముచ్చట కాదనిపించింది. ఈ సిగ్నల్ మన దాకా ఎట్ల వచ్చిందో, ఎందుకు అందరికంటే చివర్ల వచ్చిందో మనమే రాసుకోవాలి. ఇంకెవరు రాస్తరు?

మా కంటే ముందు, 1980లలో వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పెద్దోళ్ల దగ్గర విన్నది ఇది. ఉత్తరం రాస్తే ఇంటికి చేరేసరికి పదిహేను, ఇరవై రోజులు. జవాబుకు మళ్లీ అంతే. చదువు రానోళ్లు టేప్ రికార్డర్ ముందు కూర్చుని కేసెట్ నింపి, సెలవు మీద పోయేటోని చేతికి ఇచ్చేది. ఇంటి దగ్గర అందరూ చుట్టూ కూర్చుని ఆ గొంతు విని ఏడ్చేది. ఆ కేసెట్‌లో మాట అప్పటికే నెల పాతది.

అప్పుడు సౌదీలో ఫోన్లు లేవా అంటే, ఉన్నాయి. చమురు పైసలు వచ్చినంక 1977 చివర్ల సౌదీ ప్రభుత్వం ఎరిక్సన్, ఫిలిప్స్, బెల్ కెనడా కంపెనీలకు పెద్ద కాంట్రాక్టు ఇచ్చి దేశమంతా ఫోన్ లైన్లు వేయించింది. రియాద్, జిద్దా, దమ్మాం నుంచి మాట్లాడొచ్చు. కానీ మాట్లాడాలంటే అవతల ఎత్తేటోడు ఉండాలి కదా. మన ఊళ్లల్ల ఫోనే లేదు. తీగకు ఒక కొస ఉండి రెండో కొస లేకపోతే అది ఉత్త తీగే.

ఆ రెండో కొస మెల్లగా వచ్చింది. 1984లో ఢిల్లీలో సీ-డాట్ సంస్థ పెట్టిండ్రు. శామ్ పిట్రోడా పేరు మీరు వినే ఉంటరు. ఎండకు, దుమ్ముకు తట్టుకుని ఏసీ లేకుండా నడిచే చిన్న ఎక్స్ఛేంజీలు పల్లెల కోసం తయారు చేసిండ్రు. ఆ తర్వాతనే మండలాల్లో పసుపు రంగు ఎస్టీడీ బూతులు కనపడ్డాయి. సౌదీ నుంచి ఫోన్ చేసి "మా అమ్మను జర పిలువుండ్రి, పది నిమిషాలకు మళ్ల చేస్తం" అని పెట్టేసేది. ఆ పది నిమిషాల్లో అమ్మ పొలం నుంచి ఉరికొచ్చేది. మాట్లాడింది మూడు నిమిషాలు, అందులో ఒక నిమిషం ఆయాసం.

మేము వచ్చినప్పటికి మొబైల్ కాలం మొదలైంది. సౌదీలో 1998లో ఎస్‌టీసీ కంపెనీ అయింది. 2005లో మొబైలీ, 2008లో జైన్ వచ్చినంక పోటీ పెరిగి రేట్లు దిగినయ్. మన దేశంలో 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. కూలీ చేసుకునేటోళ్ల ఇంట్లోకి ఫోన్ నడిచొచ్చింది అప్పుడే. అంతకు ముందు మనం చేసిన కాల్‌కు అక్కడ ఎత్తినోళ్లు కూడా పైసలు కట్టేది.

అయినా సిటీ దాటితే సిగ్నల్ లేదు. రోడ్డు, పైపులైను పనులు మీకు తెలుసు కదా, ఊరు ఉన్న చోట క్యాంపు ఉండదు. హైవే నుంచి ముప్పై, నలభై కిలోమీటర్లు లోపలికి వేస్తరు. ఒక క్యాంపులో మాతో పనిచేసిన తమ్ముని నాయిన ఇంటి దగ్గర చనిపోయిండు. ఇంటోళ్లు మూడు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నరు. గురువారం సాయంత్రం నీళ్ల ట్యాంకర్‌తో హైవే దాకా పోయి ఫోన్ ఆన్ చేస్తే మెసేజులు వరసగా పడ్డాయి. అప్పటికి దహనం అయిపోయి, అస్థికలు కూడా గోదావరిలో కలిపిండ్రు. ఆ తమ్ముడు రోడ్డు పక్కన ఇసుకలో కూలబడ్డడు. మేము ఏం చెప్పాలో తెలవక ట్యాంకర్ పక్కన నిలబడ్డాం.

ఎందుకట్ల అంటే, పని చేసేటోళ్లం కాబట్టి మనకు అర్థమయ్యేటట్టు చెప్తాం. ఫోన్ నుంచి టవర్ దాకానే గాలిలో పోతది. టవర్ నుంచి వెనకకు ఎక్స్ఛేంజీ దాకా ఫైబర్ తవ్వాలి, లేకుంటే ఒక టవర్ డిష్ ఇంకో టవర్ డిష్‌కు ఎదురుగా కనపడాలి. టవర్‌కు కరెంటు కావాలి, లేని చోట జనరేటర్, దానికి డీజిల్, డీజిల్ పోసే మనిషి, ఆ మనిషి పోవడానికి తొవ్వ. సౌదీ ఎంత పెద్దదంటే మన తెలంగాణ, ఆంధ్ర కలిపి దాదాపు ఎనిమిది అట్లాంటివి పడతయ్. ఖర్చు అంతా పెట్టినంక రీచార్జ్ చేసేటోళ్లు వంద మందే ఉంటే కంపెనీకి గిట్టదు. అందుకే టవర్ ముందు సిటీకి పోతది, తర్వాత హైవేకు, ఆఖరికి పల్లెకు. ఇక్కడి పల్లెకూ అంతే, మన పల్లెకూ అంతే.

కంపెనీకి గిట్టని చోట ప్రభుత్వం పైసలు పెట్టాలని రెండు దేశాలూ ఒప్పుకున్నయ్. సౌదీలో యూనివర్సల్ సర్వీస్ ఫండ్ పెట్టిండ్రు. మన దగ్గర 2002లోనే అట్లాంటి నిధి పెట్టిండ్రు. 2011లో గ్రామ పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని నిర్ణయం చేసిండ్రు, దానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు. ఆంధ్రలో ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగా తీసుకుపోయిండ్రు. మన గల్ఫ్ అన్నలు చాలా మంది ఉన్న కోనసీమలో, మోరి అనే ఊరికి 2016 డిసెంబర్‌లోనే ఇంటింటికీ ఇచ్చిండ్రు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే డక్ట్ వేసిండ్రు. ఇది మాకు బాగా నచ్చిన ముచ్చట. ఫైబర్ పనిలో ఎక్కువ ఖర్చు కేబుల్‌కు కాదు, తవ్వుడుకే. ఒకసారి తవ్వినప్పుడే రెండూ వేస్తే సగం పని అయినట్టే. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ దానంతట అది ఇంట్లోకి రాదు. 2022లో కూడా 24,680 ఊర్లకు 4జీ ఇవ్వడానికి కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసిందంటే, ఇంకెంత మిగిలి ఉందో చూడండి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, ఊళ్లె మనోళ్ల చేతికి నెట్ వచ్చింది. కానీ ఇక్కడ ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం. 2013లోనే వైబర్ ఆపేసిండ్రు. 2017 సెప్టెంబర్‌లో నిషేధం తీసినంక కదా చాలా మంది బిడ్డ మొఖం చూసుకుంట అన్నం తిన్నది. 2020లో కరోనా వచ్చి క్యాంపు గేట్లు మూసినప్పుడు మనల్ని నిలబెట్టింది ఆ చిన్న తెరనే. అదే సెప్టెంబర్‌లో తెలంగాణలో పిల్లలకు టీవీ, ఫోన్ల పాఠాలు మొదలైతే, సిగ్నల్ లేని ఊళ్ల పిల్లలు మనం ఇక్కడ దిబ్బ ఎక్కినట్టే అక్కడ గుట్ట ఎక్కిండ్రు.

ఇప్పుడు అసలు మాట. 2021 మార్చి నుంచి కంపెనీ మారాలన్నా, సెలవు మీద పోవాలన్నా ఖివా, అబ్షర్‌లోనే. ఇఖామా గడువు, కాంట్రాక్టు, హురూబ్ పెట్టిండ్రా లేదా, అన్నీ ఫోన్‌లోనే తెలుస్తయ్. ఓటీపీ రాకపోతే ఏ తలుపూ తెరుచుకోదు. అప్పుడు సిగ్నల్ లేకపోతే ఇంటి కబురు లేటయ్యేది, ఇప్పుడు మన హక్కే చేజారుతది. ఎడారి క్యాంపులో ఉన్నోడు తన మీద ఏం కేసు పడ్డదో తెలుసుకునే లోపల గడువు దాటిపోతే ఎవరిని అడుగుతడు?

పల్లెకు మ్యాప్‌లో పేరుంటది, సర్పంచ్ ఉంటడు, ఓటు ఉంటది. క్యాంపుకు పేరుండదు, ఏడాదికో, రెండేళ్లకో లేచిపోతది. అందుకే ఎవరి లెక్కలోకీ రాదు. ఈ దేశంలో కేబుల్ కందకాలు తవ్వినోళ్లలో మనోళ్లు ఎందరో ఉన్నరు. తవ్వినోని రూములో సిగ్నల్ లేదు.

కాబట్టి రెండు పనులు చేద్దాం. కొత్త సైటుకు పోయేటప్పుడు నీళ్లు, ఏసీ అడిగినట్టే నెట్ కూడా అడుగుదాం, ఒక్కరు కాదు, పది మంది కలిసి. బజార్లో దొరికే బూస్టర్ మాత్రం సొంతంగా పెట్టకండి, అనుమతి లేకుండా పెడితే ఇబ్బందిల పడతరు. ఇంకోటి, సెలవు మీద ఊరికి పోయినప్పుడు పంచాయతీకి వచ్చిన ఫైబర్ ఎక్కడ ఆగిందో గ్రామ సభలో అడగండి. తీగకు రెండు కొసలూ మనమే కదా.

మీరు ఏ క్యాంపులో, ఏ దిబ్బ ఎక్కి ఇంటికి ఫోన్ చేసిండ్రో కింద రాయండి. కొత్తగా వచ్చిన పిల్లలు చదువుకుంటరు.