ఈజిప్టు కాటుక

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులమైన మనకు కాటుక భరిణె పాత చుట్టమే. మనకు చేరువనే, పబ్లిక్ గార్డెన్సు మ్యూజియమున, 1920లో నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ కలదు. ఆ దేశమున పూర్వము స్త్రీలేకాక పురుషులును కన్నులు దిద్దుకొనుచుండిరి. పచ్చరంగునకు రాగి ఖనిజమగు మాలకైటును, నలుపునకు సీసపు ఖనిజమగు గెలీనాను రాతిపలకలపై నూరుచుండిరి. ఎరుపునకు జేగురు వాడిరి.

మన కాటుక దీపపు మసి, వారిది రాయి. ఆ రాతిపొడియే నేటికిని కొన్ని సుర్మాలలో కలదు. ఈజిప్టు అంజనములలోని కొన్ని సీసపు లవణములు లేశమాత్రముగ రోగనిరోధక చర్యను ప్రేరేపింపగలవని 2010లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయినను సీసము పసివారి మెదడునకు విషము. ప్రాచీనుల నేర్పును మెచ్చుకొందము. పసికన్నులకు మాత్రము ఆ రాతిని సోకనీయకుందము.