ఆరోగ్యవరం నుంచి అత్తింటి వసారా దాకా

రోగిని ఊరికి దూరంగా ఉంచడం చిత్తూరు సీమకు కొత్త కాదు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. క్షయకు అప్పట్లో మందు లేదు. గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. మందులు వచ్చాక, ఇంటి దగ్గర వాడినా శానిటోరియంలో అంతగానే నయమవుతుందని మద్రాసు పరిశోధన 1959లో తేల్చింది. రోగికి ఇంటిదారి తెరుచుకుంది.

హెచ్.ఐ.వి. కథ వేరు. 1986లో మద్రాసులో సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తాన్ని చిత్తూరు పొరుగునున్న వేలూరులో పరీక్షించారు. దేశంలో తొలిసారి వైరస్ బయటపడింది. ఆ రక్తం సెక్స్‌వర్కర్లది. వెతుకులాట ఎక్కువగా వాళ్లలోనే జరిగింది మరి! విటుల జాడ ఎవరడిగారు? రోగానికి ఆడదాని ముఖం తగిలించడం అక్కడే మొదలైంది.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టింది. క్రమంగా వాడి, వైరస్ పరీక్షకందని స్థాయికి దిగితే సంపర్కం వల్ల ఇతరులకు సోకదు. ఇది నేటి వైద్యం మాట. కానీ భర్త పోయాక "నా కొడుకును మింగింది" అనిపించుకున్న కోడలికి కంచం వేరు, పడక వసారాలో. మాత్ర దాచుకుని మింగాలి. కొండకు పోతున్నానని చెప్పి తిరుపతి ఆస్పత్రికి పోవాలి. దిగులుతో మందులు తరచూ తప్పితే వైరస్ మళ్లీ తలెత్తవచ్చు. మనసు కుదుటపడటం కూడా వైద్యంలో భాగమనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. వసారా నుంచి లోపలికి రమ్మని మాత్రం ఇంకా ఎవరూ పిలవలేదు.