‘ఎత్కోని పో’ అంటే దొంగతనం కాదు

మన హోసూరు, డెంకణీకోట పక్క ఊళ్ళలో "ఈ సంచి ఎత్కోని పో" అంటే సంచి తీసుకెళ్ళమని అర్థం. "నీళ్ళు ఎత్కోని రా" అంటే తీసుకురమ్మని. ఇదే మాట విజయవాడ పక్కవాళ్ళ చెవిన పడితే వేరేగా వినిపిస్తుంది. అక్కడ కాకి వడ ఎత్తుకుపోతుంది, దొంగలు నగలు ఎత్తుకుపోతారు. ఇంటి మనిషి మాత్రం తీసుకెళ్తాడు. అందుకే మన పిల్లలు అక్కడికి చదువులకో ఉద్యోగాలకో పోయి, నాలుగు నవ్వులు మూటగట్టుకొని వచ్చి, "మనది తప్పు తెలుగు" అంటున్నారు. కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడడమే తగ్గించేసినారు. తప్పో ఒప్పో ఒకసారి లెక్క తీసి చూద్దాం.

తెలుగులో ఒక వస్తువును మన దగ్గరికి చేర్చడానికి ‘తెచ్చు’ అనే ఒంటి క్రియ ఉంది. ఇక్కడి నుంచి అవతలికి చేర్చడానికి అలాంటి ఒంటి మాట మన వాడుకలో లేదు. దాన్ని కూర్చుకోవాల్సిందే. ముందు చేత్తో చేసే పని ఒకటి, దానికి ‘కొని’, ఆపైన ‘పోవు’ లేదా ‘వెళ్ళు’. తీసి+కొని+పోవు, పట్టి+కొని+పోవు, ఎత్తి+కొని+పోవు. మూడింటికీ కట్టడం ఒకటే. మొదటి ముక్క మాత్రం ఊరిని బట్టి మారుతుంది.

ఈ మూడింటిలోనూ నడుమ ఉన్న ‘కొను’ చాలా పాతది. ఇప్పుడు ఒంటరిగా వాడితే వెల ఇచ్చి తీసుకోవడమే. కానీ దాని అసలు అర్థం ఊరికే ‘తీసుకొను’. చేకొను, గైకొను అంటే చేత తీసుకోవడం. కొల్లగొను అంటే దోచుకోవడం, అందులో డబ్బిచ్చి కొన్నదేమీ లేదు! భారత భాగవతాల తెలుగులో తీసుకుపోవడానికి ‘కొనిపోవు’ చాలు, ఇంకో ముక్క అక్కరలేదు. తెలంగాణ పల్లెల్లో ‘కొంటబోవు, కొంచబోవు’ అని ఇప్పటికీ వినబడేది ఆ పాత మాటే. మలయాళంలో ‘కొండుపో’, తమిళంలో ‘కొండు పో’ కూడా దీని చుట్టాలే. ‘కొను’కు కొనుగోలు అర్థం గట్టిపడ్డాక, తీసుకోవడం చెప్పడానికి ముందర ఇంకో క్రియ కావలసి వచ్చిందని నా ఆలోచన.

ఆ ఇంకో క్రియ ఏది అన్నదే ఒక్కో సీమకు ఒక్కో దారి. గోదావరి జిల్లాల్లో, యానాంలో, ఉత్తరాంధ్రలో ‘పట్టుకెళ్ళు’ బాగా వినిపిస్తుంది. కృష్ణా, గుంటూరు వైపు ‘తీసుకెళ్ళు’. చిత్తూరు పల్లెల్లో, మన దగ్గర ‘ఎత్తు’.

మనది అరవం చూసి దిద్దుకున్న మాట అంటారు కొందరు. అందులో కొంత నిజం లేకపోలేదు. తమిళంలో ‘ఎడు’ అంటే పైకెత్తడం, తీసుకోవడం రెండూ. ఆ సావాసం మన మాటకు బలం ఇచ్చే ఉంటుంది. కానీ ‘ఎత్తు’కు తీసుకోవడం అనే అర్థం అరువు తెచ్చుకున్నది కాదు. బిచ్చమెత్తేవాడు దొంగ కాదు. జన్మ ఎత్తడం, అవతారం ఎత్తడం అంటే తీసుకోవడమే. చీటీ ఎత్తుకోవడం ఆంధ్ర, తెలంగాణల్లో కూడా ఉన్న మాటే.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే ముఖ్యం. మనం వస్తువునైతే ‘ఎత్కోని పో’ అంటాం, మనిషినైతే ‘పిల్చుకోని పో’ అంటాం. "అవ్వను ఆస్పత్రికి పిల్చుకోని పోయినాను" అంటే అవ్వ నడిచి వచ్చింది. "ఎత్కోని పోయినాను" అంటే అవ్వ నడవలేని స్థితిలో ఉంది. చావింట్లో "ఎప్పుడు ఎత్తుతారు?" అని అడిగే మాట ఎలాగూ ఉంది కాబట్టి, బతికున్న మనిషికి ఆ క్రియ వాడేటప్పుడు పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు. ఈ తేడా కన్నడంలో ఉంది: వస్తువుకు ‘తెగెదుకొండు హోగు’, మనిషికి ‘కరెదుకొండు హోగు’. తమిళంలోనూ ఉంది: ‘ఎడుత్తుకొండు పో’, ‘కూట్టికొండు పో’. పాత తెలుగులో మనిషికి ‘తోడ్కొనిపోవు’ ఉండేది. తెలంగాణలో మనుషులకు ‘తోల్కపో’ అంటారు. ‘తీసుకెళ్ళు’ ఒక్కటే సంచికీ అవ్వకీ సరిపెట్టుకున్నది ఇప్పటి పుస్తకాల తెలుగు. నవ్వించుకున్న మన మాటలోనే ఆ పాత తేడా నిలిచి ఉంది.

నేను బ్యాంకులో పనిచేసే రోజుల్లో ఒక ముసలమ్మ నగల లోను కౌంటరు దగ్గరికి వచ్చి, "నా కొడుకు నగలు ఎత్కోని పోయినాడా సామీ?" అని అడిగింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు కంగారుపడి పోలీసు కంప్లైంటు దాకా ఆలోచించినాడు. లోను కట్టి నగలు విడిపించుకున్నాడా అని ఆమె అడుగుతోందని చెప్తే గానీ కుదుటపడలేదు. అతను మంచివాడే, నవ్వలేదు. ఒక్క మాట తేడాతో ఆ కొడుకు నిమిషంలో దొంగ అయిపోయేవాడు.

ఈ దూరం ఎప్పటిదో కాదు. చిత్తూరు, హోసూరు రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లా అటు పోయింది, సేలం జిల్లాలో ఉన్న మనం ఇటు మిగిలినాం. అటు బడి పుస్తకాలు, పత్రికలు, రేడియో కృష్ణా గోదావరి మాటను ఆధారం చేసుకున్నాయి. చిత్తూరు పిల్లవాడు ఇంట్లో ‘ఎత్కోని’ అన్నా బడిలో ‘తీసుకొని’ నేర్చుకున్నాడు. మన పిల్లలు చాలామందికి ఆ బడి తెలుగే అందలేదు. ఇంటి మాట ఒక్కటే ఆస్తి. దాన్నీ తప్పు అంటే ఇంక చేతిలో ఏముంటుంది?

‘తీసుకెళ్ళు’ నేర్చుకోవద్దని నేను అనను. ఊరు దాటితే అది కావాలి. కానీ ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళను నాలుగు మాటలు అడిగి రాసిపెట్టండి: సంచిని ఏమంటారు, చంటిబిడ్డను ఏమంటారు, నడిచే మనిషిని ఏమంటారు, ఆవును ఏమంటారు. బరంపురం వాళ్ళు, షోలాపూరు వాళ్ళు, బళ్ళారి వాళ్ళు, కోవిల్‌పట్టి వాళ్ళు ఎవరిది వాళ్ళు రాస్తే, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మా ఊరి లెక్క: ఎత్కోని పో, ఎత్కోని పో, పిల్చుకోని పో, తోలుకోని పో.