జీపు ఇంజను తొలిరంగు

ఛత్తీస్‌గఢ్‌కు 2000 నవంబరు 1 నుండి రాజధానియైన రాయపూర్ నగరమున మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయము కలదు. అది 1875లో నెలకొన్నది. మహానదీ తీరమందలి సిర్పూరున దొరకిన బౌద్ధుల కంచు విగ్రహములలో కొన్ని అచ్చట భద్రముగ నున్నవి. వేయేండ్లకు పైబడిన ఆ సిర్పూరు విగ్రహములు బంగారు పూతకు ప్రసిద్ధములు. పూత మాసినది గదా యని దానిని గీకివేసి క్రొత్త పూత పెట్టింపుమని చెప్పు చరిత్రకారు డెవ్వడును లేడు. ఆ పూత అలంకారము మాత్రమే కాదు. శిల్పి చేతిపనికి మిగిలిన సాక్ష్యము.

ఎనుబదియేండ్ల నాటి మోటారు వాహనమునకు మాత్రము ఈ మన్నన దక్కుట అరుదు. పాత బండి చేతికి చిక్కగనే యజమాని చేయు మొదటి పని దానిని కడిగించి, గీకించి, నిగనిగలాడు రంగు వేయించుట. బయటి రంగును గూర్చి కొంత విచారించువారు సైతము ఇంజను విషయమున దుకాణములో దొరకిన రంగుతో తృప్తిపడుదురు. కాని కర్మాగారమున ఇంజనుకు వేసిన తొలిరంగు ఆ బండి జన్మవృత్తాంతమును తెలుపగలదు. ఇందుకు యుద్ధకాలపు జీపు తగిన నిదర్శనము.

1940 జూలైలో అమెరికా సైన్యము చిన్న నిఘా వాహనము కావలెనని 135 కంపెనీలకు ఆహ్వానము పంపెను. బాంటమ్ కంపెనీ 49 దినములలో తొలి నమూనాను సిద్ధపరచి సెప్టెంబరు 23న అప్పగించెను. అయినను పెద్ద యెత్తున తయారుచేయు అవకాశము, బలమైన ఇంజను గల విల్లీస్ ఓవర్లాండు కంపెనీకి 1941లో లభించెను. డెల్మార్ రూస్ తీర్చిదిద్దిన ఆ నాలుగు సిలిండర్ల ఇంజను 60 అశ్వశక్తి కలది. ఒక్క కంపెనీ వలన సైన్యపు అవసరము తీరకపోవుటచే ఫోర్డు కంపెనీయు విల్లీసు నమూనా ననుసరించి 1942 మొదలు అదే జీపును తయారుచేసెను. విల్లీసు జీపు ఎం.బి. అనియు, ఫోర్డు జీపు జి.పి.డబ్ల్యూ. అనియు పేరొందినవి. రెండును కలసి ఆరు లక్షలు దాటినవి. ఒకదాని భాగము వేరొకదానికి అమరవలెనని సైన్యము కోరెను. బయట రెండింటికిని ఆలివ్ డ్రాబ్ అను మాసిన ఆకుపచ్చయే. బానెట్టు ఎత్తి చూచిన తేడా బయటపడును: విల్లీసువారు ఇంజనుకును ఆ ఆకుపచ్చనే వేసిరి, ఫోర్డువారు తమ ఇంజనుకు బూడిదరంగు వేసిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట మన దేశమున నిలిచిపోయిన సైనిక వాహనములు పెక్కు మిగులు సామగ్రిగా అమ్ముడుపోయినవి. 1947లో మహీంద్రా సంస్థ విల్లీసు జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్చుట నారంభించెను. రాయపూర్‌కు చేరువనున్న మానా యుద్ధకాలపు విమానస్థలము. 1964లో తూర్పు పాకిస్తాను కాందిశీకులకు అదియే శిబిరస్థలమాయెను. కాందిశీకులను స్థిరపరచుటకు 1958లో ఏర్పడిన దండకారణ్య అభివృద్ధి సంస్థ పరిధిలోనివి బస్తరు, కోరాపుట్ అడవులు. ఇట్టి సీమలో మట్టిబాటల వెంబడి పనిచేయవలసిన ప్రభుత్వ శాఖలకు జీపు కాలుసేతుల వంటిది. ఇంజను చెడినప్పుడు మరొక బండి ఇంజనును దించి అమర్చుట మెకానిక్కులకు సహజము. భాగములు అమరుటచే ఫోర్డు చట్రముపై విల్లీసు ఇంజను, విల్లీసు చట్రముపై ఫోర్డు ఇంజను కూర్చుండుట వింత కాదు. కాగితములు పోయిన పిమ్మట ఈ కథను చెప్పగలిగినవి ఇనుమును, దానిమీది రంగును మాత్రమే. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమందలి నిజాము బండి రోల్స్ రాయిస్. ఆ కర్మాగారము ప్రతి చాసిస్‌కును ప్రత్యేకముగ పత్ర ముంచెడిది. లక్షల సంఖ్యలో వెలువడిన జీపుకు ఆ భాగ్యము లేదు.

తొలిరంగును నిర్ణయించుటకు ముందుగా సంఖ్యను చూడవలెను. సిలిండరు దిమ్మపై ఎం.బి. యనియో జి.పి.డబ్ల్యూ. యనియో అక్షరములతో కూడ సంఖ్య ముద్రింపబడి యుండును. ఫోర్డు జీపున ఇంజను సంఖ్యయే చట్రము మీదను ఉండెడిది. రెండును కలసినచో ఇంజను మారలేదనుటకు అది బలమైన ఆధారము. ఫోర్డువారు తమ భాగములపై, బోల్టుల తలలపై సైతము, ఎఫ్ అను అక్షరమును ముద్రించెడివారు.

పిమ్మట మరమ్మతుదారుని కుంచె చేరని తావులను వెదకవలెను. నీటి పంపు వెనుక, జనరేటరు బిగించు పట్టీ క్రింద, వాల్వుల మూత అంచున, ఏండ్ల తరబడి గడ్డకట్టిన గ్రీజు అడుగున పాత పూత దాగియుండును. ఎగ్జాస్టు గొట్టము దాపున వెదకిన ఫలము తక్కువ. అచ్చటి రంగు వేడికి కాలిపోవును. దొరకిన తావున నీట తడిపిన సన్నని గరుకు కాగితముతో రూపాయి బిళ్లంత మేర మెల్లగ రుద్దినచో, పొరలు చెట్టు మానులోని వలయములవలె ఒకదానిలో నొకటి కనబడును. పొడిగ రుద్దరాదు, పాత రంగులలో సీసము కలసి యుండవచ్చును, ఆ ధూళి ఊపిరికి హాని.

ఇచ్చట రెండు భ్రమలకు తావు కలదు. మొదటిది నూనె, మసి వలన కలుగునది. బూడిదరంగు పూత ఏండ్లకొలది నూనె త్రాగి పచ్చబారి కనబడును. దానిని చూచి విల్లీసు ఇంజనని పొరపడుట సులభము. మసి తొలగించి, పగటి వెలుతురున పరికించి, మరికొన్ని ఇంజనులతో పోల్చి గాని తీర్పు చెప్పరాదు. రెండవ భ్రమ ఇంకను గడుసైనది. అన్నిటికన్న క్రింది పొరయే కర్మాగారపు పొర యని తోచును. కాని మరమ్మతు డిపోలలో ఇంజనును పూర్తిగా విప్పి, క్షారజలముతో పాత రంగునంతయు పోగొట్టి, మరల రంగు వేయుట కలదు. అట్టి ఇంజనుకు అడుగుపొర డిపోవారిది. అడుగున నున్నదెల్ల తొలిది కాదు. అందుచే సంఖ్య, అచ్చు గుర్తులు, పొర మూడును ఒక్క మాట చెప్పినప్పుడే నిశ్చయమునకు రావలెను. మాట కలియనిచో ఆ భేదమునే వ్రాసి యుంచవలెను. అదియు ఆ ఇంజను జీవితమున నొక అధ్యాయమే.

ఈ విచారణ కేవలము వేడుక కాదు. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహన నియమములను సవరించి, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన రెండు, నాలుగు చక్రముల వాహనములకు వింటేజి గుర్తింపు కల్పించెను. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక బండి తొలి రూపముననే యుండవలెనని షరతు. క్రొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలుగ నిర్ణయింపబడెను. సంఖ్యాఫలకముపై రాష్ట్రపు అక్షరముల తరువాత వి.ఎ. అను గుర్తు వచ్చును. రంగు ఒక్కటే ఈ గుర్తింపును నిర్ణయింపదు. కాని బండి తొలి రూపముననే యున్నదని పలుకువాడు దేనిని చూచి పలుకవలెను? బూడిదరంగు పూసిన విల్లీసు ఇంజనును చూచి ఫోర్డు ఇంజనని నమ్మి కొనువాడు ధనము పోగొట్టుకొనును. దానినే చూచి చరిత్ర వ్రాయువాడు అసత్యమును పుస్తకమున కెక్కించును.

కావున పాత జీపును బాగుచేయించువారు చేయదగిన పని చిన్నదే. గీకుటకు ముందు పొరలను ఛాయాచిత్రము తీయింపవలెను. కనుగొన్న రంగును తారీఖుతో వ్రాసి బండి కాగితములతో చేర్చవలెను. ఇంజనుపై అరచేతి మేర చోటును తాకక విడువవలెను. మిగిలినదంతయు తమ ఇచ్ఛ వచ్చినట్లు మెరిపించుకొనవచ్చును. దస్త్రములో క్రొత్త నోటు వ్రాయునపుడు పాత నోటును చింపివేయరు గదా. రెండును ఒకే దారమున నుండును. సిర్పూరు విగ్రహముపై బంగారమునకును, ఫోర్డు ఇంజను మూలను మిగిలిన బూడిదరంగునకును వెల వేరు కావచ్చును. చరిత్రకు రెండును సాక్షులే.